ఇవ్వని గోడ

“గోడ ఇయ్యను బేటా. ఇంకేదన్నా అడుగు,” అన్నాడు అబ్దుల్ వాహెద్.

సదాశివ తన చెవులను తానే నమ్మలేకపోయాడు. మాదన్నపేటలో తమ రెండిళ్ళ మధ్య ఉన్నది ఒక్కటే గోడ. కట్టించింది వాహెద్ వాళ్ళ తాత. దాని మీద దూలాలు ఆనిస్తే చాలు, సదాశివ పెరట్లో కొత్త గది లేస్తుంది. యుద్ధం మూలాన ఇనుము దొరకడం లేదని ఎక్కడెక్కడో తిరిగి పాత టేకు దూలాలు తెచ్చాడు. మేస్త్రీ కొండల్ సున్నం కూడా నానబెట్టాడు. పక్కింటి చాచా కాదంటాడని ఎవరనుకున్నారు?

“ఎందుకియ్యవు చాచా?”

“పాత గోడ. బరువు ఆగదు.”

“ఆగదా? కొండల్ నిన్ననే గుచ్చి చూసిండు. మీద ఇంకో మంజిల్ కట్టినా కదలదన్నడు.”

వాహెద్ తల దించుకుని గడ్డం నిమురుకున్నాడు. ఆయనకు అబద్ధమాడటం చేతకాదు. అది ముఖంలోనే కనబడుతోంది. సదాశివకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“నీ భుజాల మీద ఎక్కి తిరిగినోణ్ణి. నాకే అబద్ధం చెప్తవా?”

“ఇంతకూ ఆ గది ఎవరికి బేటా?”

“తమ్మునికి. ప్రభాకర్‌కు పెండ్లయినప్పటి సంది వంటింట్ల రోజూ లొల్లే. ఇగ ఆళ్ళ పొయ్యి ఆళ్ళది, మా పొయ్యి మాది. అమ్మ ఒక నెల నా తాన తింటది, ఒక నెల వాని తాన.”

“మీ అమ్మ ఒప్పుకున్నదా?”

“ఆమెను అడిగేదేముంది? ముసలామె. ఏడ పెడితే ఆడ తింటది.”

పరదా వెనక నుంచి వాహెద్ భార్య ఇక్బాలున్నీసా గొంతు వినిపించింది. “అజీ, పిల్లగానికి అసలు సంగతి చెప్పరాదుండ్రి...”

“చుప్!” అని కసిరాడు వాహెద్. ఆయన భార్యను కసరగా సదాశివ ఎన్నడూ వినలేదు.

అసలు సంగతి! అదేమిటో ఇక ఎవరూ చెప్పనక్కరలేదనిపించింది సదాశివకు.

“నాకెరుకనే చాచా. ఇల్లు ఇరుకైతే అమ్ముకొని పోతమని చూస్తున్నవు. మా జాగ మీద నీ కన్ను పడ్డది.”

“తోబా, తోబా!” వాహెద్ రెండు చెవులూ పట్టుకున్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఎదురు తిరిగి తిట్టినా బాగుండేది. ఆ మౌనం చూసి సదాశివ మరింత రెచ్చిపోయాడు.

“మా నాయన పాడె మోసినవని నిన్ను తండ్రి లెక్క చూసిన. ఇయ్యాల్టితోని ఖతం. నా పిల్లలు నీ గడప తొక్కరు. రంజాన్‌కు సేమ్యాలు పంపినవనుకో, మోరీల పారబోస్తా!”

వాహెద్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భుజం మీది రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“సల్లగుండు బేటా,” అన్నాడు చివరికి.

సదాశివ విసవిసా ఇంటికొచ్చి షేర్వానీ తొడుక్కున్నాడు. కోపానికి గుండీలు కూడా సరిగ్గా పడటం లేదు. వాకిట్లో చింతపండు గింజ తీస్తున్న తల్లి రంగనాయకి తలెత్తింది.

“యాడికి బిడ్డా?”

“వకీలు తానకు. దావా ఏస్తా. ఆ వాహెద్‌ను అదాలత్‌ల నిలబెట్టి ఇజ్జత్ తీస్తా.”

“ఆయనను ఏమన్నా అన్నవా?”

“అనరానియన్నీ అన్న. నోరు మెదపలే. తప్పు చేసినోడు ఏం మాట్లాడతడు?”

రంగనాయకి చేట పక్కకు నెట్టి లేచింది. వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చెంపలు తడిసి ఉన్నాయి గానీ, ఆమె గొంతు వణికింది ఏడుపుతో కాదు, కోపంతో.

“దావా నా మీద ఎయ్యి. నా పేరు బయట పెట్టనని ఒట్టేసిండు గనుకనే నీ మాటలన్నీ పడ్డడు. నెలకొకని ఇంట్ల తినే బతుకు నాకొద్దు, ఆ గోడ ఇయ్యకు తమ్మీ అని కొంగు చాపి అడిగింది నేనే!”