పని కోటు

“ఊపిరితిత్తుల జబ్బు ఎవరికైనా వస్తుందమ్మా. మీ ఆయనకి ఓడలోనే అంటుకుందని మేమెలా నమ్మాలి?” అన్నాడు పింఛను ఆఫీసు గుమాస్తా.

ఆమె గొంతు సవరించుకుంది. ఇంటి దగ్గర అద్దం ముందు నిలబడి వల్లె వేసుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. నౌకాదళంలో ఉన్నంతకాలం ఆయన బాయిలర్ గదిలోనే పని చేశారని మాత్రం చెప్పింది. ఆవిరి గొట్టాల మీద వేడి ఆపడానికి చుట్టిన పాత ఆస్బెస్టాస్ పట్టీలు పీకి కొత్తవి చుట్టడమే ఆయన పని. ఆ దుమ్మే ఆయన్ని తీసుకుపోయిందని ఆస్పత్రిలో కూడా అనుకున్నారు.

అనుకుంటే సరిపోదన్నాడు గుమాస్తా. ఓడని చూద్దామంటే దాన్ని ఎప్పుడో ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేశారు. బాయిలర్ గదిలో ఆయనతో పనిచేసిన వాళ్ళెవరైనా వచ్చి సాక్ష్యం చెబుతారా అని అడిగాడు.

“ఉంటే చెప్పేవాళ్ళేనండి. వాళ్ళూ ఇదే జబ్బుతో పోయారు,” అంది.

గుమాస్తా పెన్ను కింద పెట్టాడు. అప్పటిదాకా కాగితాల వైపే చూసిన మనిషి మొదటిసారి ఆమె ముఖం వంక చూసి, తోడు ఎవరూ రాలేదా అని అడిగాడు. రాలేదంది. నౌకాదళంలో పని వల్ల జబ్బు చేసి పోయినవాళ్ళ కుటుంబాలకు ఇచ్చే ఆ పింఛను మంజూరైతేనే ఆమె తన రెండు గదుల వాటాలో ఉండగలదు. లేదంటే మరిది ఇంట్లో, తోడికోడలి వంటగది పక్కన, ఒక మడత మంచం ఎదురుచూస్తోంది. ఆ సంగతి గుమాస్తాకి చెప్పలేదు.

“రేపు డాక్టరు గారు వస్తున్నారు. మీ ఆయన డ్యూటీలో వేసుకున్న బట్టలేవైనా ఉంటే పట్టుకురండి, చూస్తారట.”

“పని కోటు ఉందండి.”

“అదే తెండి.”

ఎందుకని ఆమె అడగలేదు. అడిగినా ఆ ముక్క గుమాస్తాకీ తెలియదు.

తాళం తీసి లోపలికి అడుగుపెట్టేసరికి, పొద్దున ఎలా వదిలి వెళ్ళిందో ఇల్లు అలాగే ఉంది. కడిగి బోర్లించిన గ్లాసు బోర్లించినట్టే ఉంది. ఎవరైనా దాన్ని ఎంగిలి చేసి, ఎక్కడపడితే అక్కడ వదిలేసి పోతే ఎంత బాగుండునని ఆమెకి ఈమధ్య తరచూ అనిపిస్తోంది. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ గ్లాసు గురించే సాధించేది.

పడకగదిలో మంచం అంచున కూర్చుని నీలం కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పింది. కాలరు ముఖానికి ఆనించుకుంది. నూనె, ఇనుము, పొగాకు కలగలిసిన వాసన ఇంకా కొంచెం మిగిలే ఉంది. ఉద్యోగం చాలించి వచ్చిన రోజున ఆయన విడిచిన కోటు అది. ఉతకబోతే, “ఇక దీంతో పనేముందే, ఉండనీ,” అన్నాడు. ఉండనిచ్చింది.

ఇప్పుడు దాన్ని డాక్టరు చూస్తాడు. మోచేతుల దగ్గర మురికి. కాలరు మీద జిడ్డు చారలు. మడతల్లో బూడిదలాంటి దుమ్ము. ఓడలో తనిఖీ ఉందంటే ఆయన ముందురోజే ఇస్త్రీ మడతలు వేలితో తడిమి చూసుకునేవాడు. చిన్న మరక కనిపించినా తల కొట్టేసినట్టుండేది ఆయనకి. ఈసారి ఆయన తరఫున తనిఖీకి నిలబడాల్సింది తను.

కోటుని బకెట్లో ముంచడానికి చాలాసేపు పట్టింది. ముంచాక మాత్రం చెయ్యి ఆగలేదు. నీళ్ళు తేటపడేదాకా జాడించింది. గంజి పెట్టి ఆరేసింది. చెమ్మ పూర్తిగా వదలకముందే తీసి, కత్తిలాంటి మడత వచ్చేలా ఇస్త్రీ చేసింది.

మర్నాడు ఆఫీసులో డాక్టరు ఆమె తెచ్చిన పొట్లం విప్పి, కోటు మడతలు తీసి చూశాడు.

“ఎప్పుడు ఉతికారమ్మా?”

“నిన్ననేనండి.” మెచ్చుకుంటాడనుకుంది.

అతను నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. కోటుకి పట్టిన దుమ్ము కోసమే తెమ్మన్నాడట. అందులో ఆస్బెస్టాస్ పీచు ఉందని పరీక్షలో తేలితే అదే సాక్ష్యమయ్యేదట. ఇంత శుభ్రంగా ఉతికాక ఇక దొరకడం కష్టమన్నాడు. పక్కనున్న గుమాస్తా తల పట్టుకున్నాడు.

ఆమె కోటు వైపు చూసింది. వాసనా పోయింది, పింఛనూ పోయింది. మరిది ఇంట్లోని మడత మంచం కళ్ళముందు మెదిలింది.

ఈ కోటుకి ఆనుకుని ఉన్నది ఇంకేదైనా, పెట్టె గానీ గుడ్డ గానీ, ఇంట్లో ఉందేమో గుర్తు చేసుకోమన్నాడు డాక్టరు. ఆమె ఏదో చెప్పబోయి, గుమాస్తాని చూసి తల దించుకుంది. డాక్టరు కనిపెట్టి అతన్ని బయటికి పంపించాడు.

“దిండు ఉందండి,” అంది.

“దిండా?”

“ఆయన పోయాక ఇన్నాళ్ళూ ఆ కోటు దానికే తొడిగి ఉంచాను.” ఆమె మళ్ళీ గొంతు సవరించుకుంది. “ఆయన ఓడ మీద వెళ్తే నెలల తరబడి వచ్చేవారు కాదు. పెళ్ళైన కొత్తలో ఒక్కదాన్నీ పడుకోలేక, ఆయన విడిచి వెళ్ళిన పని కోటు దిండుకి తొడిగి, గుండీలు పెట్టి పక్కన పడుకోబెట్టుకునేదాన్ని. అదే అలవాటైపోయింది. చూస్తే ఏడిపిస్తారని, ఆయన వచ్చే ముందురోజు మాత్రం ఉతికేసేదాన్ని. ఇప్పుడిక వచ్చేదెవరు? రోజూ దాంట్లో ముఖం దాచుకునే పడుకుంటున్నాను. దిండు నిండా ఆ దుమ్మే ఉంటుంది. వెళ్ళి తెచ్చేయనా?”

డాక్టరు కోటుని పక్కకి జరిపాడు. మెళ్ళోని స్టెతస్కోపు తీసి చెవులకి పెట్టుకున్నాడు.

“దిండు తర్వాత తెద్దురుగాని. ముందు మీరొకసారి గట్టిగా ఊపిరి పీల్చండమ్మా.”