చంద్రి ముట్టని నీళ్లు

"తాడు ఇడువు!" అన్నాడు సిద్దయ్య.

"నా పానం పోయినా ఇడువ!" అంది తాయవ్వ.

తాడుకు అవతలి కొసన చంద్రి అనే బర్రె నింపాదిగా నెమరు వేస్తోంది. తనను అమ్మే విషయం మీదే మొగుడూ పెళ్లాలు కొట్లాడుకుంటున్నారని దానికేం తెలుసు! హుమ్నాబాద్ సంతకు పోయే ట్రాలీ ఆటో రోడ్డు మీద ఒకటే హారన్ కొడుతోంది.

"రెండు నెలల సంది సూస్తున్న," అన్నాడు సిద్దయ్య నడుం పట్టుకుని. "వారంల నాలుగు దినాలు నల్లా నీళ్లు ముడుతలేదు. దీనికోసం పొలం బాయి నుంచి పది బిందెలు మోసుకొస్తున్న. నేను నిన్ను చేసుకున్ననా, ఈ బర్రెను చేసుకున్ననా?"

"అది ఉత్తగనే ముడుతలేదా? పైన ఆ మందుల కంపెనీ షెడ్లు లేచినప్పటి సంది వాగు రంగే మారిపాయె. మన నల్లాకు నీళ్లొచ్చే బోరేమో వాగు పక్కనే ఉండె. హనుమవ్వ మేకలు రెండు ఆ నీళ్లు తాగే సచ్చినయి. గల్లీల పిల్లల చేతులు సూడు, అన్నీ దద్దుర్లే. నీకు కండ్లు లేవా?"

"నీ బర్రె పెద్ద డాక్టరు మరి!"

ఆ మాట సిద్దయ్య వెటకారానికి అన్నాడు గాని, గల్లీలో ఆడవాళ్లకు చంద్రి డాక్టరు కంటే ఎక్కువే. నల్లా నీళ్లు ఒకరోజు బాగుంటాయి, ఒకరోజు ఉండవు. కంటికి మాత్రం రోజూ తేటగానే కనబడతాయి. అందుకని బిందె నింపుకున్న ప్రతి ఇల్లాలూ ముందు ఒక చెంబెడు తెచ్చి చంద్రి ముందు పెడుతుంది. చంద్రి తాగితే ఆ నీళ్లు ఇంట్లోకి పోతాయి. బుస్సుమని మూతి తిప్పుకుంటే మోరీలోకి పోతాయి. మొగవాళ్లకు ఇదంతా నవ్వులాట.

అప్పుడే బీదర్ నుంచి మోటార్ సైకిల్ మీద శివరాజ్ వచ్చి దిగాడు. నీళ్లు పరీక్ష చేసే ఆఫీసులో ఉద్యోగం అతనిది. పోయిన నెల ఈ నల్లా నీళ్లే సీసాలో పట్టుకుని పోయాడు. ఇవాళ చేతిలో కాయితం ఉంది.

తాయవ్వకు ప్రాణం లేచి వచ్చింది. నీళ్లు చెడ్డవని ఆ కాయితం ఒక్క మాట చెప్తే చాలు, చంద్రి ఇంట్లోనే ఉంటుంది.

"నీళ్లు మంచిగున్నయమ్మా," అన్నాడు శివరాజ్. "ఏ ఖరాబీ లేదు. ఊరంతా బేఫికర్‌గ తాగొచ్చు. ఇగో, ముద్ర సుత వేసినం."

కాయితం కన్నడంలో ఉంది. సిద్దయ్యకు చదవడం రాదు. అయినా గుండ్రటి ముద్రను కళ్లారా చూసుకుని ముఖం ఇంత చేసుకున్నాడు.

"ఇన్నవా? సర్కారే చెప్పింది. నీళ్లకేం కాలే, దీనికే తిక్క!"

ఇంతలో పక్కింటి హనుమవ్వ, చంకన బిందె, చేతిలో చెంబుతో వచ్చింది. ఎవరినీ పలకరించకుండా చెంబు చంద్రి ముందు పెట్టింది. చంద్రి వాసన చూసింది. బుస్సుమంది. మూతి అటు తిప్పుకుంది. హనుమవ్వ బిందెడు నీళ్లూ అక్కడే మోరీలో గుమ్మరించింది.

శివరాజ్ పడీ పడీ నవ్వాడు. "ఏందమ్మా ఇది? మా రిపోర్టు ఒద్దు గని, బర్రె రిపోర్టు కావాల్నా?"

"మీ కాయితం నెలకొక్కపారి వస్తది సార్. చంద్రి దినాం సూస్తది," అంది హనుమవ్వ. "దీని పున్యాననే నా మనుమరాలి వాంతులు బందయినయి." ఖాళీ బిందెతో వెళ్లిపోయింది.

"పిచ్చి ఆడోళ్లు సార్, ఏమనుకోకుండ్రి," అంటూ సిద్దయ్య తాడు లాగాడు. ఈసారి తాయవ్వ వదిలేసింది. ముద్ర వేసిన కాయితంతో ఏమని వాదిస్తుంది? కళ్లలో నీళ్లు తిరిగాయి. చంద్రి మెడ ఒకసారి నిమిరి పక్కకు జరిగింది.

గెలిచిన సంబరంలో సిద్దయ్యకు మర్యాద గుర్తొచ్చింది. "ఏమే, సార్ ఇంత ఎండల వచ్చిండు, జర నీళ్లియ్యి. బాయి నీళ్లు కాదు, నల్లావే ఇయ్యి. మంచిగున్నయని సారే అన్నడు గద!"

తాయవ్వ లోపలికి పోయి, పొద్దున నల్లాకు పట్టిన నీళ్లు చెంబు నిండా తెచ్చింది. శివరాజ్ చెమట తుడుచుకుని చెంబు అందుకున్నాడు. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. చెంబు పెదాల దాకా ఎత్తాడు.

అక్కడే ఆగిపోయాడు.

చెంబులోకి చూశాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. మోరీలోకి చూశాడు. హనుమవ్వ పోసిన నీళ్లు ఇంకా పారుతున్నాయి. తాయవ్వ వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మర్యాదగా నిలబడి ఉంది. అవతల సిద్దయ్య బర్రెను వాకిలి దాటించి రోడ్డెక్కిస్తున్నాడు.

"ఓ కాకా, ఆగు ఆగు!" గట్టిగా కేకేశాడు శివరాజ్. "బర్రెను ఎటు తోలుకపోతున్నవ్? నేనింకా నీళ్లు తాగలే!"