చంద్రుడెవరు?

ఆరిన బట్టలు మడత పెడుతూనే ఆమె బల్ల మీది పటం వంక చూస్తోంది.

ఎక్కడో దూరాన ఒక సూర్యుడు, మూడు గ్రహాలు, చివరి గ్రహానికి ఒక చంద్రుడు.

ఆ కుటుంబంలో ఎవరి వరస ఏమిటో తేల్చి రాయాలి. రాసింది రెండుసార్లు ప్రొఫెసర్ గారి దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. ఈసారీ తప్పితే పరిశోధన సీటు ఇంకొకరిది. గడువు ఇవాళ మధ్యాహ్నం మూడు గంటల దాకా.

గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడింది. వెలిసిన బట్టలు, భుజాన గుడ్డ సంచి. మేడ మీది గది ఏడాదికి అద్దెకు కావాలంది.

అమ్మ పెరట్లో ఉందని చెప్పి ఆమె కుర్చీ చూపించింది.

పెద్దావిడ కూర్చోలేదు. పటం మీదికి వంగింది.

"ఈ చివరి రెండిట్లో పెద్దదేది?"

"మెరిసేదండీ. మసకది దాని చంద్రుడు."

"ఈ గీతల్లో మెరిసేదే తెగ ఊగుతోంది. మసకది కూర్చున్న చోటే కూర్చుంది. వెలుగు చూసి పెద్దరికం ఇచ్చావా అమ్మా, బరువు తూచి ఇచ్చావా?"

ఆమెకు చెవులు వేడెక్కాయి. గది చూడ్డానికొచ్చి గ్రహాల తగవు తీర్చడమేమిటి?

"గది ఇచ్చేశామండీ."

పెద్దావిడ తలూపి మెట్లు దిగింది.

చేతులు తుడుచుకుంటూ అమ్మ వచ్చింది. "ఖాళీ గది ఎవరికిచ్చావే, నీ చంద్రుడికా?"

ఆమెకు పెద్దావిడ అన్న మాట ముల్లులా గుచ్చుకుంటోంది. బట్టలు పక్కకు నెట్టి లెక్క మొదటికి తెచ్చింది. అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది. కంచంలో అన్నం చల్లారింది. లెక్క మూడుసార్లు చేసింది. మూడుసార్లూ ఒకటే జవాబు.

మసకదే ఎనిమిది రెట్లు బరువు. మంచు కప్పుకుని మెరిసేదే దాని చంద్రుడు.

పళ్ళ బిగువున మొత్తం కొట్టేసి కొత్తగా రాసింది. మూడుకి అయిదు నిమిషాల ముందు పంపింది.

కాసేపటికి ప్రొఫెసర్ గారు ఫోన్ చేశారు. ఈసారి నిలబడుతుందన్నారు. ఆ తర్వాత ఆయన గొంతు తగ్గింది.

"నేను పంపినావిడకి గది లేదన్నావటగా? ఏడాదిపాటు దగ్గరుండి నీకు నేర్పుదామనుకుంది. తనెవరో ముందే చెప్పొద్దంది. నాలుగింటి బండికి వెళ్ళిపోతోంది."

ఆవిడెవరని ఆమె అడిగింది. ఆయన చెప్పారు.

ఎక్కడికే అని అమ్మ అడుగుతున్నా బదులివ్వకుండా చెప్పులేసుకుని, ఆ సూర్యుణ్ణీ అతని పిల్లలనూ లోకంలో అందరికన్నా ముందు చూసిన మనిషి కోసం ఆమె గుమ్మం దాటింది.