గెడ్డలో జింక అడుగులు

"ఏదయ్యా మీ జింక?" జీపు దిగుతూనే గర్జించాడు సత్యారావు. విశాఖపట్నం జింకల రక్షణ సంఘానికి ఆయనే ప్రెసిడెంటు. "కనీసం ఆనవాలైనా చూపించకపోతే నీళ్లతొట్టి డబ్బు రోలుగుంట శాఖకి ఇచ్చేస్తాను. వాళ్లు పొద్దున్న జింకనే చూపించారు!"

చోడవరం శాఖ సెక్రటరీ గణపతిరావు చేతులు జోడించాడు. నీళ్ల కోసం కొండ దిగిన జింకల్ని ఊరకుక్కలు చెరకుతోటల్లోకి తరిమి చంపేస్తున్నాయి. కొండమీదే తొట్టి కట్టిస్తే వాటికి దిగే పనే ఉండదు.

"రోజూ నీళ్లు తాగడానికి ఈ గెడ్డకే వస్తాయండి బాబూ! ఇందాకే మేకలమంద దిగి అడుగులన్నీ తొక్కేసిందండి!"

"తప్పు మేకల మీదకి తొయ్యకు. డ్రైవరూ, బండి తిప్పు!"

అంతలో తుప్పల వెనకనించి కేక. "సెక్రట్రీగారూ! రండి, రండి! దొరికేసేయి!"

"ఎవడా అరిచేది?"

"మా వాలంటీరు బంగార్రాజండి. మొన్న మీ బంగళాకి అర్జీ పట్టుకొచ్చింది వాడేనండి," అంటూనే పరుగెత్తాడు గణపతిరావు.

తడి ఇసక నిండా జింక అడుగులు! అచ్చు గుద్దినట్టున్నాయి.

"ఓలమ్మో! మందకి మందే దిగిందండి! సూడండి, ఎంత ముద్దుగా ఉన్నాయో!" గణపతిరావు పంచె ఎగ్గట్టి గెంతుతున్నాడు. సత్యారావుకీ హుషారొచ్చింది. బూట్లతోనే నీళ్లలోకి దిగిపోయాడు. "భేష్! తొట్టి మీదేనయ్యా!" అని చెక్కుబుక్కు తీశాడు. కలం మూత తియ్యబోయి, ఆగి, ఇసక మీదకి వంగాడు.

"బంగార్రాజూ, జింకకి కాళ్లెన్ని?"

"నాలుగు బాబూ."

"మరి ప్రతి అడుగులోనూ గిట్ట కొన ఒకేచోట విరిగిందేం? ఒంటికాలి మీద వచ్చిందా?"

"జింక గదా బాబూ, గెంతుతాది."

సత్యారావు వాడి భుజమ్మీద ఉబ్బుగా ఉన్న తువ్వాలు లాగాడు. ఎండిపోయిన జింక కాలొకటి ఇసకలో పడింది. గణపతిరావు వాడి చొక్కా పట్టుకున్నాడు.

"కొంప ముంచేవు గదరా ఎదవా!"

"జింకల్ని కాపాడే మొహాలా ఇవి?" సత్యారావు చెక్కుబుక్కు జేబులో కుక్కుకున్నాడు. "ఏ దుర్మార్గుడురా దీన్ని చంపింది? మిగతా మూడు కాళ్లూ ఎవడింట్లో ఉన్నాయో చెప్పు!"

బంగార్రాజు బుర్ర గోక్కున్నాడు.

"మీ హాల్లోనే గోడకున్నాయి బాబూ. మొన్నొచ్చినప్పుడు ఒక్కటే ఊడదీసేను. కోట్లు తగిలించుకోడానికి ఆ మూడూ సాలవేటి?"