పాయింట్ నలభై ఒకటి

మూడోసారి కూడా అదే అంకె వచ్చింది. పాయింట్ నలభై ఒకటి.

జల్లెడ సారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఎదురుగా ఉన్న సర్వే అమ్మాయి వంక చూశాడు. కుర్చీ అంచున కూర్చుంది. ఒళ్ళో సంచి, సంచి మీద చేతులు. దొంగలూ అలాగే కూర్చుంటారు, దొరలూ అలాగే కూర్చుంటారు.

పరిశోధన సంస్థలవాళ్ళు ఆయనకా పేరు ఊరికే పెట్టలేదు. ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపించామని చెప్పి, కాళ్ళు బారజాపుకుని కూర్చుని తామే టిక్కులు పెట్టుకొచ్చే ఘనుల్ని ఆయన ఇట్టే పట్టేస్తాడు. అలాంటివాళ్ళు పదేసి ఫారాలకోసారి పెన్ను మారుస్తారట. చూసేవాళ్ళకి నమ్మకం కుదరాలని ఒకటి రెండింటి మీద కాస్త టీ ఒలకబోస్తారట. నూరు దాటేసరికి చెయ్యి లాగి, ఏ ప్రశ్నకైనా నడిమి గడిలోనే టిక్కు పెడతారట. ఇవన్నీ మీకెలా తెలుసు సార్ అని ఎవరైనా అడిగితే, అనుభవం అని ఊరుకుంటాడు.

ఈసారి వచ్చిన తగవు ‘ఇరుగుపొరుగు నమ్మకం’ అనే కొలమానం మీద. ముప్పై ఏళ్ళ కిందట ఈ సంస్థలోనే ఒక పెద్ద ప్రొఫెసరు ఇరవై ప్రశ్నలతో తయారుచేశాడు. ఆయన పటం ఇప్పటికీ హాల్లో ఉంది. ఇరవై ప్రశ్నలూ అడిగేది ఒకే సంగతి కాబట్టి, ఒక మనిషి జవాబులకు ఒకదానితో ఒకదానికి పొంతన కుదరాలి. ఆ పొంతన ఎంతో సాఫ్ట్‌వేర్ ‘ఆల్ఫా’ అని ఒక్క అంకెలో చెప్పేస్తుంది. ఒకటికి ఎంత దగ్గరైతే అంత గట్టి. ప్రొఫెసరు గారి మూడు వందల ఫారాలకు పాయింట్ తొంభై మూడు వచ్చింది. అప్పట్నుంచీ అందరూ ఆ కొలమానాన్ని కళ్ళకద్దుకుని వాడుతున్నారు. ఈ అమ్మాయి తెచ్చిన మూడు వందలకు అందులో సగం కూడా రాలేదు.

డైరెక్టరమ్మ పొద్దున్నే చెప్పేసింది.

“కొలమానమైనా తప్పయ్యుండాలి, అమ్మాయైనా అబద్ధమాడుండాలి. ఏదో మీరే తేల్చండి సార్.”

అబద్ధమని తేలితే ఉద్యోగం పోవడంతో ఆగదు. ఇంకే సంస్థా ఆ అమ్మాయిని గుమ్మం ఎక్కనివ్వదు. పాత ఫారాలుంటే పక్కపక్కన పెట్టి చూద్దామా అని సారు అడిగాడు. భవనం మారినప్పుడు చూస్తే చెదలు తినేసి ఉన్నాయందావిడ. అయ్యో, అన్నాడాయన.

ప్రశ్నల్ని ఒక్కొక్కటిగా తీసేసి ఆల్ఫా చూశాడు. అంకె పెద్దగా కదల్లేదు. ‘పొరుగువాళ్ళకి దూరంగా ఉండడమే మేలు’ లాంటి ఎదురు ప్రశ్నలకు అమ్మాయి మార్కులు తిరగేసి వేసిందో లేదో చూశాడు. వేసింది. ఇక కట్ట విప్పి, ఒక్కో కాగితాన్నీ కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు.

“అన్నీ ఒకే పెన్నుతో ఉన్నాయేమ్మా?”

“నా పెన్నే ఇచ్చాను సార్. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో రాసే పెన్ను దొరకట్లేదు.”

“ఈ నూనె మరక?”

“ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి నింపింది. ఒక చేతిలో గరిట.”

‘ఊరెళ్ళేటప్పుడు తాళం చెవి పక్కింట్లో ఇస్తాను’ అన్న ప్రశ్న పక్కన ఎవరో వంకర అక్షరాలతో రాశారు: ‘ఏ పక్కిల్లు? కుడివైపుదా, ఎడమవైపుదా?’

సారు ఆ కాగితం దగ్గర చాలాసేపు ఆగిపోయాడు. ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగాడు. రాసినవాళ్ళు నలభై మంది, నోటితో అడిగినవాళ్ళకి లెక్కే లేదంది. కుడివైపు వాళ్ళంటే ప్రాణమట, ఎడమవైపు వాళ్ళంటే పడదట. ఒక్కో ప్రశ్నకి ఒక్కో ఇల్లు తలుచుకుని జవాబిచ్చారు. ఇక పొంతనెక్కడ కుదురుతుంది?

“నేను చెప్పులరిగేలా తిరిగాను సార్,” అని మొదటిసారి తలెత్తిందామె. “నాదీ ఒక అనుమానం. అప్పటి మూడు వందల మందికీ ఒక్కటే పక్కిల్లుందా?”

ఆమె చిరునామాల జాబితా ముందుకు జరిపి, ఏ తలుపైనా కొట్టి అడగమంది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. బల్ల మీదున్న పెన్ను తీసుకుని, మూడే వాక్యాలు రాశాడు. ఫారాలు నమ్మదగినవి కావు. సర్వే చేసిన మనిషే సొంతంగా నింపింది. కొలమానంలో లోపమేమీ లేదు.

డైరెక్టరమ్మ చదివి నిట్టూర్చింది. ఆ పిల్ల ముఖం చూస్తే అలా అనిపించలేదంది.

“ముఖాలు చూసి నమ్మకూడదు మేడం,” అన్నాడు సారు.

సర్వే అమ్మాయి ఏడవలేదు. నా పెన్ను సార్, అని అడిగి తీసుకుని వెళ్ళిపోయింది.

ముప్పై ఏళ్ళ కిందట, పటంలోని ఆ పెద్దాయన నమ్మి చేతికిచ్చిన మూడు వందల ఫారాల్నీ ఒక్క తలుపూ తట్టకుండా, హాస్టల్ గదిలో మూడు పెన్నులు ముందేసుకుని నింపిన కుర్రాడు, ఇప్పుడు కళ్ళజోడు సర్దుకుని, హాలు దాటేదాకా తలెత్తలేదు.