పోటు షట్టరు

“కేసు రాయక తప్పదాండి?” ఎస్సై పావని ఫిర్యాదు కాగితం మీంచి తలెత్తి అడిగింది.

“తప్పదు మేడమ్. హెడ్డాఫీసు ఊరుకోదండి,” అన్నాడు సురేష్‌బాబు. కాలువలకి షట్టర్లు చేసే కంపెనీలో సీనియర్ ఇంజినీరతను. పొద్దున్నే రాజమండ్రిలో బయల్దేరి, దారిలో తుపానుకి మునిగిన పేట చూసి వచ్చాడు. ప్యాంటుకి మోకాళ్ల దాకా బురద. పేటలో చనిపోయిన అచ్చాయమ్మ మంచం వాకిట్లో ఎండలో ఆరేసి ఉంది. అక్కడ ఎవరూ అతన్ని పలకరించలేదు.

ఎదురుగా బెంచీ మీద ఐజాక్ కూర్చున్నాడు. పడవల ఇంజన్లకీ చెరువుల మోటార్లకీ వెల్డింగు చేసుకుని బతికే మనిషి. అరవై దాటాయి.

మురుగు కాలువ సముద్రంలో కలిసే చోట కంపెనీ పెట్టిన షట్టరు పోటుకి దానంతటదే మూసుకుంటుంది, ఆటుకి తెరుచుకుంటుంది. ఉప్పునీరు చేలల్లోకి ఎక్కకుండా రెండు పంటలు కాపాడింది. మొన్న తుపానుకి మాత్రం మూసుకున్నది మళ్లీ తెరుచుకోలేదు. వాననీళ్లు పోయే దారి లేక పేటలోకి ఎక్కాయి. కంపెనీకి ఫోన్ చేస్తే, సీలు ముట్టుకోవద్దు, మావాళ్లు వస్తున్నారు అన్నారు. రెండు రోజులైనా ఎవరూ రాలేదు. మూడో రోజు తెల్లారేసరికి నీళ్లు నడుము లోతయ్యాయి; మంచం పట్టిన అచ్చాయమ్మ ఆ మంచంలోనే మునిగి చనిపోయింది. మధ్యాహ్నం ఐజాక్ గ్యాస్ కట్టరు తీసుకెళ్లి, సీలు తెంచి, కీళ్లు కోసి షట్టరు లేపేశాడు. సాయంత్రానికి నీళ్లు లాగేశాయి.

“దాన్ని కనిపెట్టింది మీరేనటగా?” పావని అడిగింది.

“అవునండి. పేటెంటులో నా పేరే ఉంది, హక్కులు కంపెనీవి. బయటివాళ్లు విప్పడానికి లేదండి.”

“ఐజాక్ గారూ, ముట్టుకోవద్దని బోర్డు పెట్టారు కదా, చూళ్లేదా?”

“చూశానండి.”

“మరేంటి?”

“నీళ్లు పోవాలి గదండీ.”

“ఇంకెప్పుడూ ముట్టుకోనని రాసిచ్చేయండి. సార్‌కి నేను చెప్పి చూస్తాను.”

ఐజాక్ అరచేతిలో బొబ్బల కేసి చూసుకున్నాడు. “మళ్లీ మునిగితే మళ్లీ కోస్తానండి.”

పావని కాగితం సురేష్‌బాబు ముందుకి జరిపింది. అతను సంతకం పెట్టాడు.

కానిస్టేబుల్ లేవమన్నాడు. ఐజాక్ లేచి, రెండడుగులు వేసి ఆగాడు.

“బాబూ, ఆ కీళ్లకి ఇనప బుష్షులు పనికిరావండి. ఉప్పుకి తుప్పు పట్టి బిగుసుకుపోతున్నాయి. నైలాన్‌వి వేయించండి. ఇంకో ప్రాణం పోకూడదు.”

సురేష్‌బాబు జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశాడు.

“ఎంత మందం?”

“అరంగుళం చాలండి. పిన్నుకి కాస్త వదులుండాలి.”

ఐజాక్ చెబుతుంటే, తలొంచుకుని రాసుకున్నాడు.

మూడేళ్ల కిందట ఆ షట్టరు మొత్తాన్నీ ఇలాగే రాసుకున్నాడు.