పన్నెండోవాడు

"రేపటి మ్యాచ్‌కి హాషం రావట్లేదు. నువ్వే ఆడాలి కనకయ్యా," అన్నాడు ఆఫీసు జట్టు కెప్టెన్ కృష్ణమోహన్.

కనకయ్యకు వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. పదకొండేళ్లుగా ఆయన ఆ జట్టుకు ట్వెల్త్ మ్యాన్. ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్ల బదులు బంతుల వెంట పరుగెత్తాలి. వికెట్టు పడ్డప్పుడల్లా నీళ్లు మోయాలి. బ్యాటు మాత్రం పట్టకూడదు. ఆ మాటకు అర్థం అంతే.

ఆ సాయంత్రమే యూసుఫ్‌గూడ గదిలో భార్యకు చెప్పాడు. "రేపు నువ్వు సుత రావాలె మంగవ్వా."

"పదకొండు మంది ఆటల పన్నెండోనివి, నువ్వేం చేస్తవు?"

"ఎవలన్న పడిపోతే నేను నిలబడత."

"పదకొండేండ్ల సంది ఒక్కడు సుత పడలేదా?"

కనకయ్య మనసు చివుక్కుమంది. రేపు నువ్వే చూస్తావులే అనుకున్నాడు.

పంజగుట్ట మైదానంలో ఎండ మాడ్చేస్తోంది. మంగవ్వ గోడ నీడన కూర్చుంది. ఇవాళ కనకయ్య కాళ్లకు ప్యాడ్లున్నాయి, బ్యాటింగ్ వరసలో ఆఖరి పేరూ ఆయనదే. అయినా మొదటి వికెట్టు పడగానే పిచ్ మీద ఆడుతున్న జహూర్ చెయ్యి ఊపాడు.

"కనకన్నా, జర నీళ్లు."

తక్కినవాళ్లు ఒక్కరూ లేవలేదు. "నీ వంతు ఆఖరికి గదన్నా," అన్నాడు పక్కనున్న హనుమాండ్లు, కాళ్లు చాపుకుంటూ. కనకయ్యే వెళ్లాడు. రెండో వికెట్టుకూ వెళ్లాడు. ఎనిమిదోది పడేసరికి మోకాళ్లు సలుపుతున్నాయి, కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. ఎందుకొచ్చిన ఆట అనిపించింది. అంతలో మంగవ్వ కనిపించి సర్దుకున్నాడు.

గెలవడానికి ఇంకా రెండు పరుగులు కావాలి. తొమ్మిదో వికెట్టు పడింది.

"వెళ్లు కనకయ్యా, తొందరగా," అన్నాడు కృష్ణమోహన్.

కనకయ్య ఒక్క ఉదుటున లేచి పరుగెత్తాడు. మంగవ్వ కూడా లేచి నిలబడింది, కొంగుతో ఎండను అడ్డుకుంటూ. ఆమె చూస్తోందని తెలిసి ఆయన నొప్పి మరిచాడు. వికెట్ల ముందు నిటారుగా నిలబడ్డాడు.

బంతి పడలేదు. అంపైరు ఆయన దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"బ్యాటేది పెద్దాయనా?"

కనకయ్య చేతులకేసి చూసుకున్నాడు. కుడిచేతిలో నీళ్ల జగ్గు, ఎడమచేతిలో రెండు గ్లాసులు.